తడక అవతలి ఉస్తానమ్మ

ఉస్తానమ్మ పోయారు. తాండూరు నుంచి రోజూ పొద్దుటి బండిలో వికారాబాదులోని మా బడికి వచ్చే లెక్కల పంతులమ్మ గురువారం నాడు హాజరు పట్టీలో సంతకం పెడుతూ ఆ మాట చెప్పింది. "మా వాడకట్టుల ముసలి ఉస్తానమ్మ ఉండె గదా, నిన్న తెల్లారంగ నిద్రలనే పోయిందట. పగటికే మట్టి చేసిండ్రు" అన్నది. నాకూ ఉస్తానమ్మకూ ఉన్న బంధం ఆ అమ్మాయికి తెలియదు. చెప్పేసి చాక్‌పీసులు తీసుకుని తరగతికి వెళ్లిపోయింది. గంట కొట్టగానే వరండాలో ఒకసారి తిరిగి రావడం నాకు అలవాటు. ఆ రోజు కుర్చీలోంచి లేవలేకపోయాను.

ఉస్తానీ అంటే ఉర్దూలో పంతులమ్మ. దానికి మనవాళ్లు ఒక అమ్మను తగిలించారు. ఆమె అసలు పేరు నేను హాజరు పట్టీలో చూశానే గాని ఎవరి నోటా వినలేదు. ఇక్కడా రాయను. ఉస్తానమ్మ అంటేనే ఆమె తల తిప్పి చూసేవారు.

పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు వాళ్ల గొప్పలు రాయడం రివాజు. నాకు ఆమె గొప్పతనం చెప్పాలంటే ముందు నా తప్పు చెప్పుకోవాలి. వేరే దారి లేదు. మీలో పంతుళ్లు, పంతులమ్మలు ఎవరైనా ఉంటే జర మనసు పెట్టి చదవండి.

పోలీసు యాక్షన్ అయిన మూడు నాలుగేళ్లకు నేను వికారాబాదులో ఆడపిల్లల బడిలో కొలువుకు చేరాను. ఇరవై ఏళ్లు. మెట్రిక్ పాసయ్యానన్న పొగరు తప్ప ట్రైనింగూ లేదు, అనుభవమూ లేదు. ఉర్దూ చదువు పోయి తెలుగు చదువు వచ్చిన రోజులు. తెలుగు చెప్పేవాళ్లు దొరకడం కష్టమై నాలాంటి వాళ్లను పిలిచి మరీ ఉద్యోగాలిచ్చారు. ఒక పొడవాటి హాలును వెదురు తడకతో రెండు గదులు చేశారు. ఇటు నా ఐదో తరగతి, యాభై నాలుగు మంది. అటు ఉస్తానమ్మ నాలుగో తరగతి, ఇంచుమించు అంతే మంది.

నా తరగతి అంగడి. నేను అరిస్తే వాళ్లు అరిచేవారు. నేను బరిగెతో బల్ల మీద కొడితే ఒక్క నిమిషం ఊరుకుని, రెండో నిమిషంలో మూల నుంచి మొదలుపెట్టేవారు. మధ్యాహ్నానికి నా గొంతు బొంగురుపోయేది. తడక అవతల మాత్రం పలక మీద బలపం గీసిన చప్పుడు వినిపించేంత నిశ్శబ్దం. నాకు ఒళ్లు మండిపోయేది. ముసలామె పిల్లల్ని గిల్లి కూర్చోబెడుతున్నదేమోనని తడక సందులోంచి తొంగి చూశాను కూడా. గిల్లడం లేదు. కుర్చీలో కూడా కూర్చోలేదు. వరసల మధ్య మెల్లగా నడుస్తూ, పక్కవాళ్లకు కూడా వినపడనంత చిన్నగా ఒక పిల్లతో ఏదో మాట్లాడుతున్నారు.

ఒకసారి పగటి బువ్వ దగ్గర ఉక్రోషం ఆపుకోలేక అడిగేశాను. "మీ పిల్లలు ఎట్ల ఊకుంటరు ఉస్తానమ్మా? నాకు మాత్రం ఎంత ఒర్లినా ఊకోరు."

"ఒర్లుతవు గన్కనే ఊకోరు బేటీ" అన్నారామె, రొట్టె తుంచుకుంటూ. "నీ గొంతు ఒక్కటి. వాళ్లయి యాభై నాలుగు. ఎవలు గెలుస్తరు చెప్పు? నువ్వు మెల్లగ మాట్లాడు. ఏమంటున్నవో వినాలంటే వాళ్లే నోరు మూస్తరు."

నాకు నచ్చలేదు. ఇరవై ఏళ్ల వయసులో మంచి మాట ఎవరికి నచ్చుతుంది?

ఆమె పద్ధతులు నేను తర్వాత ఏళ్లకేళ్లు చూసి నేర్చుకున్నవే. గంట కొట్టకముందే గుమ్మంలో నిలబడేవారు. లోపలికి వచ్చే ప్రతి పిల్లనూ పేరు పెట్టి పిలిచి, ముఖం చూసేవారు. ఏ పిల్ల తినకుండా వచ్చింది, ఏ పిల్ల ఇంట్లో దెబ్బలు తిని వచ్చింది, అప్పుడే తెలిసిపోయేది. కమీజుకు రెండు జేబులు కుట్టించుకున్నారు. ఒకదాంట్లో బలపాలు, ఇంకోదాంట్లో పుట్నాలు. తినకుండా వచ్చిన పిల్లను బలపం ఇస్తానని పిలిచి పుట్నాలు చేతిలో పోసేవారు. తక్కిన వాళ్లకు అది బలపమే. ఎక్కువ వాగే పిల్లకు నీళ్ల కుండ బాధ్యత, పక్కదాన్ని గిచ్చే పిల్లకు పలకలు పంచే పని. "పని లేని చేతులే గిచ్చుతయ్" అనేవారు. తిట్టాల్సి వస్తే పక్కకు తీసుకుపోయి చెవిలో చెప్పేవారు. మెచ్చుకోవాల్సి వస్తే మాత్రం తడక ఇవతల మాకూ వినపడేది. "తిట్టు చెవిల, మెప్పు చావిట్ల" అన్నది ఆమె మాట.

ఇంకొకటి చెప్పాలి. ఆమెకు తెలుగు మాట వచ్చుగాని రాత రాదు. ఇరవై ఏళ్లు ఉర్దూలో చెప్పిన మనిషి, నలభై అయిదేళ్ల వయసులో ఒకటో తరగతి పిల్లల మధ్య పీట వేసుకుని, పలక పట్టుకుని అక్షరాలు దిద్దుకున్నారు. తప్పు రాస్తే పిల్లలు కిలకిల నవ్వేవారు. ఆమె కూడా నవ్వేవారు. తప్పు రాస్తే ఏమీ కాదని ఆ పిల్లలకు ఆమె అలా చూపించారు. నాకు అప్పట్లో అది చులకనగా కనిపించింది. పిల్లల ముందు పంతులమ్మ తప్పు ఒప్పుకుంటే ఇక మర్యాద ఏం మిగులుతుందనుకునేదాన్ని.

నా తరగతిలో నర్సమ్మ అని ఒక పిల్ల ఉండేది. పదకొండేళ్లు. ధారూరులో రైలు పట్టాల గ్యాంగులో పనిచేసే ఆయన బిడ్డ. రైల్వే పాసు మీద రోజూ బండిలో వచ్చి, సాయంత్రం నాలుగున్నర బండికి తిరిగి పోయేది. ఆ దారిన మా బడికి వచ్చే ఆడపిల్ల ఆమె ఒక్కతే. చేర్పించిన రోజు వాళ్ల నాయన నా ముందు తువ్వాలు భుజం మీది నుంచి తీసి నిలబడి, "పంతులమ్మా, సదువు సాలు, వద్దంటున్నా ఇది ఇనకపోతె తోలుకొచ్చిన. నాలుగున్నర బండి ఒక్కపారి తప్పిందంటె మల్ల బడికి తోలియ్య. ఆడివిల్లను చీకట్ల స్టేషన్ల కూసోవెట్టలేను" అన్నాడు. సరేనన్నాను. నాలుగింటికి బడి వదులుతాం, స్టేషను పావుగంట నడక, దాంట్లో కష్టమేముంది అనుకున్నాను.

కార్తీక మాసం వచ్చాక తరగతిలో కొత్త జబ్బు మొదలైంది. నేను బోర్డు వైపు తిరగగానే నా వీపు వెనక నుంచి "కూ..." అని రైలు కూత. గిర్రున తిరిగితే యాభై నాలుగు ముఖాలూ అమాయకంగా పుస్తకాల్లో ఉండేవి. మళ్లీ తిరిగితే మళ్లీ కూత. ఒక రోజు కాదు, రెండు రోజులు కాదు, పది రోజులు. నిద్రలో కూడా ఆ కూత వినపడేది. నర్సమ్మ మీదే నా అనుమానం. రైలు మనిషి బిడ్డ, రైలులో వచ్చే పిల్ల, కిటికీ దగ్గర చివర వరస. ఇంకెవరికి వస్తుంది ఆ బుద్ధి? సాక్ష్యం ఏమీ లేదు. నా కోపానికి సాక్ష్యం అక్కర్లేదు.

ఆ రోజు ఆఖరి గంటలో మూడు సార్లు కూశారు. మూడోసారి తరగతి అంతా గొల్లుమంది. నాకు కళ్లు బైర్లు కమ్మాయి. బరిగె బల్ల మీద కొట్టి, "కూసినదెవరో లేచి నిలబడేదాకా ఒక్కరు కూడా ఇల్లు చేరరు" అన్నాను. నాలుగింటి గంట కొట్టారు. పక్క తరగతి పిల్లలు చెప్పులు టపటపలాడించుకుంటూ వెళ్లిపోయారు. నా పిల్లలు కదలలేదు.

తలుపుకు అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఎవరూ మాట్లాడటం లేదు. అంత నిశ్శబ్దం నా తరగతిలో అంతకు ముందు ఎప్పుడూ లేదు. చూశావా, నేనూ కూర్చోబెట్టగలను అని లోపల మురిసిపోయాను కూడా. తడక కింద జానెడు సందు ఉంది. దాంట్లోంచి ఉస్తానమ్మ చెప్పులు కనిపిస్తున్నాయి. పిల్లలు పోయినా ఆమె పోలేదు. తడకకు అవతల నిలబడి ఉన్నారు. ఆ చెప్పులు ముందుకు ఒక అడుగు వేశాయి, మళ్లీ వెనక్కి తగ్గాయి.

గోడ గడియారంలో నాలుగూ పది అయింది. నర్సమ్మ కిటికీలోంచి బయటకు చూస్తున్నది. ఆ పిల్ల కాలు బెంచీ కింద ఆగకుండా ఆడుతున్నది. నేను చూశాను. ఎందుకు ఆడుతున్నదో నాకు తెలుసు. అయినా కదలలేదు. ఒక్క మాట వెనక్కి తీసుకుంటే ఈ పిల్లల ముందు ఇక నా బతుకు ఏమిటన్నదే నా లెక్క. స్టేషనులో గంట కొట్టారు. బండి ముందటి స్టేషను దాటినప్పుడు కొట్టే గంట అది. మాకు అది వినపడినా పట్టదు. నర్సమ్మ మాత్రం ఉలిక్కిపడి లేచి నిలబడింది.

"నేనే కూసిన పంతులమ్మా" అన్నది.

"నాకు ఎప్పుడో తెలుసు!" అన్నాను. ఎంత సంతోషంగా అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. తక్కినవాళ్లను పంపించేశాను. ఆ పిల్లను ముందుకు పిలిచి అరచేతుల మీద నాలుగు దెబ్బలు కొట్టాను. అంతటితో వదిలినా బండి అందేదేమో. యాభై గుంజీలు తియ్యమన్నాను. తీసింది. గబగబా తీసింది, లెక్క కూడా తనే పెట్టుకున్నది. ముప్పై దాటాక నిజం బండి కూత వినపడింది. పిల్ల నా ముఖం చూసి, "పంతులమ్మా, నా బండి" అని, పుస్తకాల సంచీ అక్కడే వదిలేసి నా కుర్చీ పక్క నుంచి దూరి పరుగెత్తింది.

అప్పుడు వచ్చారు ఉస్తానమ్మ. ముఖం తెల్లగా పాలిపోయింది. "ఆమె కాదు బేటీ" అన్నారు. "కూసింది ఆమె కాదు. తడక సందులకెల్లి పది రోజులాయె చూస్తున్న. వేరే పిల్ల."

"మరి ఇంతసేపూ ఎందుకు ఊకున్నరు?" అని ఆమె మీదే అరిచాను.

"ఒకరి క్లాసుల ఇంకొకరు అడుగుపెట్టొద్దని నాదొక ఖాయిదా. నీ పిల్లల ముందట నిన్ను చిన్నగ చెయ్యొద్దనుకున్న" అన్నారు. ఆ మాట అంటూనే బురఖా వేసుకుంటున్నారు. "మాటలు తర్వాత. నడువ్, బండి అందిందో లేదో చూద్దాం."

అందలేదు. మేము స్టేషనుకు చేరేసరికి ప్లాట్‌ఫాం ఖాళీ. పాయింట్స్‌మన్ ఒకాయన జెండాలు చుట్టుకుంటున్నాడు. గౌను వేసుకున్న పిల్ల బండి వెనక ఉరికి, అందక, ఏడ్చుకుంటూ పట్టాల మీదనే ధారూరు దిక్కు పోయిందని చెప్పాడు. "పిలిచిన గని ఇనలె. నడిమి స్టేషన్ల మన బండి దాటంగనే గూడ్సు ఇడిసిండ్రమ్మా, ఎదురుంగ వస్తున్నది" అన్నాడు. ధారూరు అక్కడికి పది మైళ్లు. స్టేషను మాస్టరుకు చెప్పమని అతన్ని పంపి మేమిద్దరం పట్టాల మీద పడ్డాం.

ఉస్తానమ్మ చెప్పులు విప్పి చేతిలో పట్టుకున్నారు. ముఖం మీది తెర వెనక్కి వేసుకున్నారు. బజారులో ఎవరూ ఆమె ముఖం చూసి ఎరగరు. స్లీపర్ల మీద ఒకటి విడిచి ఒకటి అంగలు వేస్తూ నాకన్నా ముందు పోతున్నారు. నేను ఒక చేత్తో చీర కుచ్చిళ్లు, ఇంకో చేత్తో ఆ పిల్ల సంచీ పట్టుకుని ఉరుకుతున్నాను. ఊరు దాటింది. పొలాలు దాటాయి. తర్వాత ఎర్రమన్ను గుట్టను మధ్యకు కోసి పట్టాలు వేసిన చోటు వచ్చింది. రెండు వైపులా నిలువు గోడల్లాంటి గట్లు. దాని నడి మధ్యలో నర్సమ్మ, తల వంచుకుని, పట్టాల మధ్య నడుస్తున్నది. అదే సమయానికి ఆ పక్క మలుపు అవతల గూడ్సు కూసింది.

నేను అరిచాను. అరవడానికి నా దగ్గర గొంతు ఏది? పొద్దుటి నుంచి తరగతిలో అరిచి అరిచి బొంగురుపోయిన గొంతు. గాలి తప్ప మాట బయటికి రాలేదు. పిల్ల వెనక్కి తిరగలేదు. ముందటి మలుపు వైపు చూసింది, బెదిరి అక్కడే నిలబడిపోయింది.

"నర్సమ్మా! గట్టెక్కు బిడ్డా! గట్టెక్కు!"

అది ఉస్తానమ్మ గొంతు. అంత గొంతు ఆమెకు ఉందని నాకు తెలియదు. ఆ రెండు గట్ల మధ్య ఆ కేక కొట్టుకుని తిరిగి వచ్చింది. పిల్ల కదిలింది. గట్టును గోళ్లతో పట్టుకుని పాకింది. మేమూ ఇటు పక్క గట్టుకు అతుక్కున్నాం. ఎన్ని డబ్బాలు పోయాయో, నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి ఉస్తానమ్మ పట్టాలు దాటి అవతల ఉన్నారు. పిల్ల మోకాళ్లు చీరుకుపోయి రక్తం కారుతున్నది. అరచేతుల మీద నా బరిగె వాతలు. ఉస్తానమ్మ నడుమును రెండు చేతులా చుట్టుకుని ముఖం దాచుకున్నది. నేను దగ్గరికి పోతే ఇంకా లోపలికి దూరింది.

స్టేషనుకు తీసుకొచ్చి కూర్చోబెట్టాం. మాస్టరు ధారూరుకు ఫోను చేసి చెప్పాడు. పొద్దుగూకే వేళకు వచ్చే బండిలో వాళ్ల నాయన దిగాడు. బిడ్డను చూశాడు, చేతులు తిప్పి చూశాడు. నా మీద కేకలు వేస్తాడనుకున్నాను. వేసి ఉంటే బాగుండేది.

"పట్టాలు ఎంత చెడ్డయో నాకు ఎర్క పంతులమ్మా" అన్నాడు. "నా తోటోళ్లను ఇద్దర్ని ఏరి మూటగట్టిన. రేపటిసంది ఇది బడికి రాదు." నా చేతిలోని సంచీ తీసుకున్నాడు. అంతే.

ఆ రాత్రే రాజీనామా రాశాను. పొద్దున గుమ్మంలో నిలబడి ఉన్న ఉస్తానమ్మకు ఇచ్చాను. చదివి మడిచి నాకే ఇచ్చారు. "నువ్వు పోతె ఆ పిల్ల వస్తదా?" అన్నారు. "పోవుడు అల్కగున్నది బేటీ. ముందుగాల లోపలికి పో. నీ పిల్లలు రాత్రంత నిద్రపోయి ఉండరు. తప్పయిందని చెప్పు."

"పిల్లలకా?"

"తప్పు ఎవరి మీద చేసినవో వాళ్లకే."

చెప్పాను. గొంతు ఇంకా బొంగురే కాబట్టి మెల్లగానే చెప్పాను. నర్సమ్మ కూసిందో లేదో తెలుసుకోకుండానే కొట్టానని, బండి తప్పించానని, నాది తప్పేనని. యాభై మూడు మంది ఊపిరి బిగబట్టి విన్నారు. మర్యాద ఎక్కడికీ పోలేదు. రెండో రోజు పగటి బువ్వ వేళ ముందు వరసలో కూర్చునే పిల్ల, నేను తరగతి లీడరుగా పెట్టుకున్న పిల్ల, నా దగ్గరికి వచ్చి వెక్కి వెక్కి ఏడ్చింది. కూసింది తనే. నా చెయ్యి బరిగె మీదికి పోయిన మాట నిజం. పేరు ముందే తెలిసినా ఉస్తానమ్మ నాకు ఎందుకు చెప్పలేదో అప్పుడు అర్థమైంది. పేరు చెప్తే కొట్టేదాన్ని. కొడితే ఆ పిల్ల తప్పు మరిచిపోయి దెబ్బలే గుర్తు పెట్టుకునేది. ఆ పిల్లకు గడియారం చూసే పని అప్పగించాను. ఎవరిని ఏ కారణంతో ఆపినా సరే, నాలుగయ్యేసరికి లేచి "టైమైంది పంతులమ్మా" అనాలి. ఆ ఏడాదంతా ఒక్కరోజు తప్పకుండా అన్నది.

నర్సమ్మ సంగతి అంత తేలిగ్గా తేలలేదు. ఆదివారం ఉస్తానమ్మ నన్ను వెంటబెట్టుకుని ధారూరు బండెక్కారు. వాళ్ల నాయన ఇంట్లోకి రమ్మనలేదు. ఆమె స్టేషను బెంచీ మీద కూర్చుని, "మేము ఈడనే ఉంటం. బిడ్డ రావాలనుకుంటె పంపు, లేకుంటె తిరుగు బండికి పోతం" అన్నారు. మొదటి రెండు ఆదివారాలు పిల్ల రాలేదు. మేము ఉత్తగనే తిరిగి వచ్చాం. "ఇంక రాదు ఉస్తానమ్మా" అన్నాను. "సబర్ పట్టు. నువ్వు ఒక్క పూటల చెడగొట్టినవు. బాగ చేసేందుకు ఒక్క పూట సరిపోతదా?" అన్నారు. మూడో ఆదివారం వచ్చింది. లెక్కలు ఆమె చెప్పేవారు, తెలుగు నేను. నా చేతిలోంచి పలక తీసుకునేది కాదు. నేను పలక బెంచీ మీద పెట్టి పది అడుగులు అవతలికి పోవాలి. అప్పుడు తీసుకుని రాసి, మళ్లీ అక్కడే పెట్టి తను అవతలికి పోయేది. ఎండాకాలం దాకా మా చదువు అలాగే సాగింది. ఒక్కసారి కూడా ఉస్తానమ్మ ఆ పిల్లకు "పంతులమ్మ చేతిలకెల్లి తీసుకో" అని చెప్పలేదు. నా వైపు జాలిగానూ చూడలేదు.

సెలవులయ్యాక వాళ్ల నాయన తనంతట తనే బిడ్డను తీసుకొచ్చాడు. ఆ ఏడు ఐదో తరగతి ఉస్తానమ్మది. తడక అవతల కూర్చోబెట్టండని అడిగి మరీ కూర్చోబెట్టాడు. ఏడో తరగతి పాసై, పెళ్లై ధారూరులోనే ఉండిపోయింది. ఊళ్లో ఆడవాళ్ల ఉత్తరాలు ఆమే చదువుతుందని, ఆమే రాస్తుందని విన్నాను. ఎదురుపడితే దండం పెట్టేది. దండం పెట్టి ఆగకుండా పోయేది. అంతకు మించి ఆశించే హక్కు నాకు లేదు.

ఉస్తానమ్మకు తర్వాత తాండూరు బదిలీ అయింది. అక్కడే రిటైరయ్యారు. ఏడాదికి ఒకటి రెండు సార్లు పోయి చూసి వచ్చేదాన్ని. కొత్తగా చేరిన పంతులమ్మలు సాయంత్రాలు ఆమె ఇంటికి వచ్చి కూర్చునేవారు. పిల్లలు మాట వినడం లేదని ఏడ్చే వాళ్లే ఎక్కువ. ఆమె చాయ్ పోసి, ఏదో మెల్లగా చెప్పేవారు. నేను పెద్దగా చెవి పెట్టలేదు. నాకు తెలిసిన మాటలే కదా అనుకున్నాను.

మూడో రోజు జియారత్ అన్నారు. అంటే అక్కడ పోయినవాళ్ల కోసం అందరూ కూడి ప్రార్థన చేసే రోజు. నిన్న పొద్దుటి బండికి పోయాను. వాకిట్లో జంపఖానాలు పరిచి ఆడవాళ్లందరూ కూర్చున్నారు. చోటు లేక గోడ పక్కన నిలబడ్డాను. నడిమధ్యలో మా బడి లెక్కల పంతులమ్మ కళ్లు తుడుచుకుంటూ పక్కవాళ్లకు చెబుతున్నది.

"నేను కొలువుకు చేరిన కొత్తల ఒక పిల్లను కొట్టొచ్చి ఆమె దగ్గర కూసొని ఏడ్సిన. అప్పుడు నాకు తన ముచ్చట చెప్పింది. 'నేను ఒకసారి కోపంల ఒక రైలు పిల్లను ఆపిన బిడ్డా. బండి తప్పిచ్చిన. పట్టాల మీద పడి పోయింది. జరల చావు తప్పింది. ఆ పాపం నాదే. నా అసొంటి తప్పు నువ్వు చెయ్యకు' అన్నది. గంత పెద్ద మనిషి, నా అసొంటి పోరి ముందట తన తప్పు చెప్పుకున్నది. ఆనాడు ఇడిసిపెట్టిన బరిగె, మల్ల పట్టలే."

"మాకు గూడ చెప్పింది" అన్నది ఇంకొక అమ్మాయి. "నాకు గూడ" అన్నది మరొకతె.

ఎన్నేళ్లుగా చెబుతున్నారో, ఎంతమందికి చెప్పారో. వికారాబాదులో ఎవరో ఒక పంతులమ్మ అని కూడా అనలేదు. నేను అన్నారు. అబద్ధం ఆడే మనిషి కాదు ఆమె. తడక అవతల నిలబడి ఒక అడుగు ముందుకు వేసి వెనక్కి తగ్గిన ఆ పది నిమిషాలను మొత్తం తప్పుగా తన మీదే వేసుకున్నారు. నేను ఒకసారి పిల్లల ముందు ఒప్పుకుని, కొన్నాళ్లు ఆదివారాలు పోయి వచ్చి, తేలికపడి, ప్రధానోపాధ్యాయురాలినై కుర్చీలో కూర్చున్నాను. ఆమె మాత్రం కొత్త పంతులమ్మ వచ్చినప్పుడల్లా ఆ తప్పును తీసి ముందు పెట్టుకున్నారు.

"ఆ ముచ్చట ఆమెది కాదు" అన్నాను. అందరూ తిరిగి చూశారు. "ఆ పిల్లను ఆపింది నేను. కొట్టింది నేను. బండి తప్పించింది నేను. ఉస్తానమ్మ ఆ పిల్లను బతికించింది."

లెక్కల పంతులమ్మ నోరు తెరిచి నా వైపు అలాగే చూస్తున్నది. లోపలి గదిలో ఖురాను చదువుతున్న గొంతు ఒక్కటే వినిపిస్తున్నది. రేపటి నుంచి బడిలో ఈ అమ్మాయి నా ముఖం ఎలా చూస్తుందో అనుకున్నాను. చూస్తే చూడనీ అనిపించింది.

అప్పుడు జంపఖానా చివరన, నాకు వీపు పెట్టి కూర్చున్న ఒక మనిషి కొంగు సర్దుకుని వెనక్కి తిరిగింది. నర్సమ్మ. ధారూరు నుంచి ఆ బండిలోనే వచ్చినట్టుంది, నేను చూడలేదు. ఒళ్లో చంటిపిల్ల నిద్రపోతున్నది. నన్ను కాసేపు చూసింది. తర్వాత పిల్లను భుజం మీదికి మార్చుకుని, కొంచెం పక్కకు ఒత్తిగిలి, ఖాళీ అయిన చోట చేత్తో జంపఖానా ముడతను సాపు చేసింది.

"కూసో పంతులమ్మా" అన్నది.